ఉత్తరాలు తీగకు గుచ్చుదామా, విడివిడిగా దాచుకుందామా?

తొంభైల నాటి భౌతికశాస్త్ర పరిశోధన పత్రాలు తిరగేసేవాళ్లకు ఒక వింత అచ్చుతప్పు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ఇంగ్లీషు పేరాలో 'ఫ్రమ్' అన్న మాటతో ఒక వాక్యం మొదలవుతుంది. దాని ముందు, ఏ సంబంధమూ లేకుండా, తలకిందులైన ప్రశ్నార్థకం (¿) ఒకటి నిలబడి ఉంటుంది. స్పానిష్ భాషలో ప్రశ్నలకు ముందు పెట్టే గుర్తు అది. 'మూడో సమీకరణం నుంచి మనకు తెలిసేదేమిటంటే' అనే వాక్యానికి స్పానిష్ ప్రశ్నార్థకంతో పనేమిటి?

రచయిత పెట్టిన గుర్తు కాదది. ఈమెయిల్ పెట్టింది.

1991 ఆగస్టులో పాల్ గిన్‌స్పార్గ్ అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఒక ప్రిప్రింట్ భాండాగారం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా 'ఆర్కైవ్' అని పిలుచుకుంటున్నది అదే. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో దాని భారతీయ ప్రతిబింబం కూడా నడిచింది. మొదట్లో ఆ భాండాగారం పని చేసింది ఈమెయిల్ మీదే. పత్రాన్ని లేటెక్‌లో రాసి, ఆ మూలప్రతిని మెయిల్ చేసేవారు. సహరచయితలు చిత్తుప్రతులు పంపుకున్నదీ మెయిల్లోనే. ఆ దారిలో ఏదో ఒక యూనిక్స్ కంప్యూటర్ ఉత్తరాన్ని డిస్కు మీద భద్రపరిచేటప్పుడు, 'ఫ్రమ్'తో మొదలయ్యే పంక్తి ముందు > గుర్తు ఒకటి చేర్చేది. లేటెక్ పాత ఫాంట్లలో ఆ గుర్తు ఉండాల్సిన గడిలో ¿ ఉంటుంది. అచ్చులోకి అదే వచ్చింది. ఇప్పటికీ చెరగలేదు.

ఉత్తరాన్ని ఏ రూపంలో దాచాలన్న నిర్ణయం ఉత్తరంలోని మాటను మార్చేసింది. మెయిల్ భద్రపరిచే ఫార్మాట్ గురించి మాట్లాడితే 'అదంతా సిస్టమ్ అడ్మిన్ల గొడవ, మనకెందుకు' అనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

ఆ కంప్యూటర్ గుర్తు ఎందుకు చేర్చింది? అప్పట్లో చాలా యూనిక్స్ మెయిల్ ప్రోగ్రాములు వాడిన ఫార్మాట్ పేరు ఎంబాక్స్. డెబ్బైల నుంచీ ఉంది. ఒక ఫోల్డర్‌కు ఒకే టెక్స్ట్ ఫైల్. ఉత్తరాలన్నీ అందులో ఒకదాని తర్వాత ఒకటి. మన పెద్దల ఇళ్లలో వచ్చిన ఉత్తరాలను గోడకు వేలాడే ఇనప తీగకు గుచ్చేవారు చూడండి, అచ్చం అలాగే. కొత్తది వస్తే పైన గుచ్చితే సరి. అయితే ఒక ఉత్తరం ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో ప్రోగ్రాముకు తెలియాలి కదా. దానికి పెట్టుకున్న ఆనవాలు: పంక్తి మొదట్లో పెద్ద ఎఫ్ అక్షరంతో 'ఫ్రమ్', దాని వెంట ఒక ఖాళీ. పంపినవారి పేరు చూపించే శీర్షికలో ఆ మాట తర్వాత కోలన్ ఉంటుంది. ఇది వేరు, ఇందులో కోలన్ ఉండదు. మరి ఉత్తరం లోపల ఎవరైనా మామూలుగా ఆ మాటతోనే పంక్తి మొదలుపెడితే? ప్రోగ్రాము దాన్ని కొత్త ఉత్తరం అనుకుంటుంది. అలా అనుకోకుండా ఉండడానికే ముందు > చేర్చడం.

చేర్చినదాన్ని చదివేటప్పుడు తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ఉత్తరం రాసినాయన తనే, వేరొకరి మాటను ఉటంకిస్తూ, > గుర్తుతో ఆ పంక్తి రాసి ఉండొచ్చు. భద్రపరిచాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది రచయిత గుర్తో, ఏది యంత్రం గుర్తో చెప్పే ఆధారం ఆ ఫైల్లో మిగలదు. రెండు వేర్వేరు స్థితులు ఒకే స్థితిలోకి కలిసిపోతే వెనక్కి నడవలేమని భౌతికశాస్త్రం చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1995లో దీనికి ఒక తేలికైన మందు ప్రతిపాదించినవారు రాహుల్ ధేసి. 'జూ' అనే పాత కంప్రెషన్ ప్రోగ్రాము రాసింది కూడా ఆయనే. ముందే > ఉన్న పంక్తికి కూడా ఇంకో > చేర్చాలి, చదివేటప్పుడు ప్రతి దాన్నుంచీ ఒకటి తీసేయాలి. అంతే, ఏమీ పోదు. ఆ రకాన్ని ఆయన పేరులోని పొడి అక్షరాలతో ఎంబాక్స్-ఆర్‌డీ అంటారు. కానీ అప్పటికే పాత పద్ధతి ఎక్కడికక్కడ పాతుకుపోయింది. ఉత్తరం ఎన్ని బైట్లో శీర్షికలో రాసిపెట్టుకునే రకాలు మరో రెండు ఉన్నాయి. వాటిలో ఎవరైనా ఎడిటర్‌తో ఫైల్ తెరిచి ఒక్క అక్షరం మార్చారా, లెక్క తప్పుతుంది. 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4155 ఎంబాక్స్‌కు ఒక అధికారిక గుర్తింపు ఇచ్చింది కానీ, ఇదే ప్రమాణం అని ఒకదాన్ని తేల్చలేకపోయింది. కాబట్టి మీ దగ్గర ఎంబాక్స్ ఫైల్ ఉందంటే, అది ఏ ఎంబాక్స్ అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది.

ఒక గుర్తు ఎక్కువైతే కొంప మునిగిందా అంటే, డిజిటల్ సంతకం ఉన్న ఉత్తరానికి మునిగినట్టే. ఒక్క బైటు తేడా వచ్చినా సంతకం సరిపోలదు. అందుకే పీజీపీ సంతకాల నియమాల్లో ఈ ఒక్క మాట గురించి ప్రత్యేకంగా హెచ్చరిక రాశారు. ఆ మాటలో కనీసం ఒక అక్షరాన్నైనా నేరుగా రాయకుండా సంకేతంగా (ఎఫ్ అయితే =46) మార్చి పంపమంటుందది. ఒక ఫార్మాట్ లోపాన్ని దాటడానికి ఇంకో ప్రమాణం ఇన్ని పాట్లు పడాల్సి వచ్చింది.

ఇదంతా గడిచిపోయిన కాలం కథ కాదు. మన దేశంలో ఈమెయిల్ కమాండ్ లైన్ మీదే పుట్టింది. 1986లో మొదలైన ఎర్నెట్ ద్వారా ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ మెయిల్ రుచి చూశాయి. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు విద్యార్థులు తీసుకున్న చౌక ఖాతాల్లో బొమ్మలుండేవి కావు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, పైన్ అనే మెయిల్ ప్రోగ్రాము. ఇవాళ కూడా సూపర్ కంప్యూటర్ల మీద పనిచేసే పరిశోధకులు, సర్వర్లు చూసుకునేవాళ్లు, లినక్స్ కెర్నెల్‌కు కోడు రాసేవాళ్లు టెర్మినల్లోనే మెయిల్ చదువుతున్నారు. కెర్నెల్ ప్యాచ్‌లు మెయిల్లోనే తిరుగుతాయి. గిట్‌లో ఒక మార్పును ప్యాచ్‌గా ఫైల్లోకి తీస్తే, అది ఎంబాక్స్ రూపంలోనే వస్తుంది. దాని మొదటి పంక్తిలో ఎప్పుడూ 2001 సెప్టెంబరు 17, సోమవారం అనే తేదీయే ఉంటుంది, మీరు ఇవాళ తీసినా సరే. ఇది నిజమైన ఉత్తరం కాదు, గిట్ తయారుచేసింది అని గుర్తుపట్టడానికి పెట్టుకున్న ఆనవాలు. తీగ ఇంకా గోడకే ఉందన్నమాట.

ఎంబాక్స్‌తో నాకున్న అసలు పేచీ > గుర్తుతో కాదు, తీగతోనే. తీగ మధ్యలో ఉన్న ఉత్తరాన్ని తీయాలంటే పైనున్నవన్నీ తీసి మళ్లీ గుచ్చాలి. ఎంబాక్స్‌లోనూ అంతే. ఒక ఉత్తరం చెరిపినా, 'చదివాను' అని గుర్తు పెట్టినా, అక్కడి నుంచి చివరిదాకా ఫైల్‌ను తిరగరాయాల్సి రావచ్చు. రెండు గిగాబైట్ల ఫోల్డర్ తిరగరాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మన ఊళ్లలో ఊహ కూడా అవసరం లేదు.

పైగా ఒకే ఫైల్ కాబట్టి, ఒకరు రాస్తున్నప్పుడు ఇంకొకరు ముట్టుకోకుండా తాళం వేయాలి. మెయిల్ తెచ్చి పెట్టే ప్రోగ్రాము, చదివే ప్రోగ్రాము ఒకే రకం తాళాన్ని నమ్మాలి. ఒకటి పక్కన చిన్న ఫైల్ సృష్టించి అదే తాళం అంటుంది. ఇంకోటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తాళం వేస్తుంది. ఒకదాని తాళం ఇంకోదానికి కనిపించకపోతే తాళమే లేనట్టు. నెట్‌వర్క్ డిస్కుల మీద కొన్ని రకాల తాళాలు చాలాకాలం అసలు పనే చేయలేదు. మా ఎమ్మెస్సీ బ్యాచ్‌మేట్ ఒకతను పీహెచ్‌డీ చేస్తుండగా, ల్యాబ్ కంప్యూటర్లో ఒక టెర్మినల్, హాస్టల్ నుంచి ఇంకో టెర్మినల్ తెరిచి ఒకే మెయిల్ ఫోల్డర్‌లో పనిచేసేవాడు. ఇద్దరికీ హోమ్ డైరెక్టరీ నెట్‌వర్క్ మీద ఒకటే. ఒకరోజు రెండు ఉత్తరాలు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయాయి. ఒక సగంలో గైడ్ రాసిన సవరణలు, రెండో సగంలో కాన్ఫరెన్స్ ప్రకటన. మళ్లీ పంపమని గైడ్‌ను అడగడానికి వాడికి వారం పట్టింది.

ఈ బాధలన్నీ చూసి డేనియల్ జె. బెర్న్‌స్టీన్ తొంభైల మధ్యలో, తాను రాస్తున్న క్యూమెయిల్ సర్వర్ కోసం మెయిల్‌డిర్ రూపొందించారు. ఆయన గణితజ్ఞుడు, గూఢలిపి శాస్త్రంలో పెద్ద పేరు. మెయిల్‌డిర్‌లో ఫోల్డర్ అంటే నిజంగా ఫోల్డరే. ప్రతి ఉత్తరమూ విడి ఫైల్. లోపల మూడు అరలు: టెంప్, న్యూ, కర్. వచ్చిన ఉత్తరాన్ని మొదట టెంప్‌లో రాస్తారు. పూర్తిగా రాసి, డిస్కుకు చేరిందని రూఢి అయ్యాకే న్యూలోకి జరుపుతారు. మీ ప్రోగ్రాము చూశాక అది కర్‌లోకి వెళ్తుంది. కీలకం ఆ జరపడంలో ఉంది. ఒకే డిస్కు విభాగంలో ఫైల్ పేరు మార్చడం అవిభాజ్యమైన చర్య. జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. మధ్యస్థితి ఉండదు. కాబట్టి సగం రాసిన ఉత్తరం మీ కంటపడే అవకాశమే లేదు. తాళాలు అక్కర్లేదు. నెట్‌వర్క్ డిస్కు అయినా సరే, పది ప్రోగ్రాములు ఒకేసారి చూసినా సరే. ఉత్తరం లోపలి పంక్తుల్ని ముట్టుకోవాల్సిన పని లేదు, సరిహద్దు ఆనవాలే లేదు కనుక.

ఫైళ్ల పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా 1970 నుంచి గడిచిన సెకన్లు, ప్రాసెస్ సంఖ్య, కంప్యూటర్ పేరు కలిపి పెడతారు. చదివారా, జవాబిచ్చారా అన్న గుర్తులు కూడా ఫైల్ పేరు చివరే, ఒక కోలన్ తర్వాత, ఒక్కో అక్షరంగా ఉంటాయి. ఉత్తరం చదివితే పేరు మారుతుంది, లోపలి బైట్లు మారవు. ప్రయోగశాల నోట్‌బుక్‌ను ఇలాగే ఉంచాలని మాకు నేర్పారు. కొలతను దిద్దకూడదు, పక్కన వ్యాఖ్య రాసుకోవాలి.

లోపాలు లేవని కాదు. ఆ కోలనే పెద్ద తలనొప్పి. విండోస్‌లోనూ, చాలా పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్ పద్ధతిలోనూ ఫైల్ పేరులో కోలన్‌కు చోటు లేదు. ఊరికెళ్లే తొందరలో మెయిల్‌డిర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేస్తే కాపీ మధ్యలో ఆగుతుంది, లేదా పేర్లు మారి గుర్తులన్నీ పోతాయి. టార్‌తో ఒకే మూటగా కట్టి తీసుకెళ్లాలి. లక్ష చిన్న ఫైళ్లను కాపీ చేయడం ఒక పెద్ద ఫైల్ కంటే చాలా నెమ్మది. ఫోల్డర్ తెరవడమూ అంతే. మట్ లాంటి ప్రోగ్రాముల్లో శీర్షికల క్యాష్ పెట్టుకుంటే ఆ నొప్పి తగ్గుతుంది.

జాగా వృథా అవుతుందనే ఆరోపణ మాత్రం ఇవాళ నిలవదు. లెక్కేద్దాం. డిస్కు సాధారణంగా 4096 బైట్ల గడులుగా ఉంటుంది. ప్రతి ఫైల్ చివర సగటున సగం గడి, అంటే సుమారు 2 కిలోబైట్లు ఖాళీగా పోతాయి. లక్ష ఉత్తరాలకు 200 మెగాబైట్లు. ఫోన్లో తీసిన నాలుగైదు వీడియోలంత. ఎంబాక్స్ వాడి ఆ 200 మెగాబైట్లు మిగుల్చుకున్నారనుకోండి. ఒక్క ఉత్తరానికి గుర్తు పెడితే, మారిన ఫైళ్లను మొత్తంగా కాపీ చేసే బ్యాకప్ ప్రోగ్రాము రెండు గిగాబైట్ల ఫైల్‌ను మళ్లీ మోస్తుంది. రోజూ మోస్తుంది.

విడివిడిగా దాచాలన్న ఆలోచన బెర్న్‌స్టీన్‌తో మొదలు కాలేదు. 1979 ప్రాంతంలో ర్యాండ్ కార్పొరేషన్‌లో పుట్టిన ఎంహెచ్ ప్రతి ఉత్తరాన్నీ ఒక అంకె పేరుతో విడి ఫైల్‌గా దాచేది. బాగుంటుంది, కానీ అంకెలు సర్దినప్పుడల్లా నిన్నటి 47 ఇవాళ 31 అవుతుంది. ఇప్పుడు కొత్తగా దాంట్లోకి వెళ్లడానికి నాకు కారణం కనిపించదు.

తెలుగులో మెయిల్ రాసేవాళ్లకు ఈ ఎంపికలో ఇంకో కోణం ఉంది. ఎంబాక్స్ అభిమానులు తరచూ చెప్పే గొప్ప: 'అంతా ఒకే టెక్స్ట్ ఫైల్, గ్రెప్ కొడితే ఏ మాటైనా దొరుకుతుంది' అని. ఇంగ్లీషుకు అది చాలావరకు నిజం. 'నమస్కారం' అనే మాట తీసుకోండి. యూనికోడ్ లెక్కలో అది 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. మెయిల్ ప్రయాణంలో దాన్ని బేస్64లోకి మారిస్తే 32 ఇంగ్లీషు అక్షరాల గజిబిజి, ఇంకో పద్ధతిలో 72 అక్షరాలు. డిస్కు మీద ఉండేది ఆ గజిబిజే. గ్రెప్‌కు నమస్కారం కనిపించదు. పోనీ ఆ 32 అక్షరాలనే వెతుకుదామా అంటే, బేస్64 బైట్లను మూడేసి చొప్పున పట్టుకుంటుంది. ముందు ఎన్ని ఖాళీలు, కామాలు వచ్చాయన్నదాన్ని బట్టి అదే మాట మూడు వేర్వేరు రూపాల్లో వస్తుంది. అంటే తెలుగు ఉత్తరాలకు గ్రెప్ సౌకర్యం కాగితం మీద మాటే.

ఇది విప్పాలంటే ఉత్తరాన్ని మామూలు అక్షరాల్లోకి మార్చి సూచిక తయారుచేసే పనిముట్టు కావాలి. కమాండ్ లైన్ మీద అలాంటివి నాట్‌మచ్, ము. ఈ రెండూ ఒక ఉత్తరానికి ఒక ఫైల్ ఉండాలనే లెక్క మీద కట్టినవి. మెయిల్‌డిర్ మీద నేరుగా పనిచేస్తాయి, ఎంబాక్స్ ఫోల్డర్ ఇస్తే చేయవు. నా దృష్టిలో తెలుగువాళ్లకు బేరం ఇక్కడే తెగిపోవాలి.

మరి ఎంబాక్స్‌ను పారేయాలా? అక్కర్లేదు. తీగ పనికొచ్చే చోటు ఒకటుంది: ఇక ముట్టుకోని ఉత్తరాలకు. పీహెచ్‌డీ ముగిసింది, ప్రాజెక్టు మూసేశారు, ఆ ఏడాది మెయిలంతా ఒకే ఫైల్‌గా, ధేసి పద్ధతిలో మార్చి, కుదించి, చదవడానికి మాత్రమే అనుమతిచ్చి దాచుకోవచ్చు. ఒకే ఫైల్ కాబట్టి చెక్‌సమ్ ఒకటే, మోయడం తేలిక. జీమెయిల్ నుంచి మన డేటా దింపుకుంటే వచ్చేదీ ఎంబాక్సే. బతికున్న ఫోల్డర్‌కు మెయిల్‌డిర్, మూసేసిన దస్త్రానికి ఎంబాక్స్. నా అభ్యంతరమల్లా ఎవరూ ఎంచుకోకుండానే ఎంపిక జరిగిపోవడం మీద. మట్ ఉన్న ఫోల్డర్‌ను తెరిచేటప్పుడు ఫార్మాట్ ఏదో తనే పసిగడుతుంది కానీ, కొత్త ఫోల్డర్ సృష్టించేటప్పుడు మనం ఏమీ చెప్పకపోతే ఎంబాక్స్‌గానే చేస్తుంది. సెట్టింగుల ఫైల్లో ఒక్క పంక్తి రాస్తే పోయేదానికి, ఏళ్ల తరబడి తీగకు గుచ్చుతూ పోతారు.

వ్యక్తుల కంటే సంస్థల గురించే నా బెంగ ఎక్కువ. ఒక ప్రొఫెసర్ పదవీ విరమణ చేస్తే ఆయన చేతిరాత నోట్‌బుక్కులు లైబ్రరీకి వెళ్తాయేమో కానీ, ముప్పై ఏళ్ల మెయిల్ ఖాతాతోపాటే మాయమవుతుంది. సమీకరణంలో ఆ గుణకం ఎందుకు మారింది, ఆ నమూనా ఎవరు ఇచ్చారు, ఏ ప్రయోగం విఫలమైంది అన్నవి ప్రచురించిన పత్రాల్లో ఉండవు, మెయిళ్లలో ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థల దస్త్రాలకు వర్తించే 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, కంప్యూటర్‌లో తయారైన వాటిని కూడా రికార్డుల నిర్వచనంలో చేర్చింది. చట్టం ముందే ఉంది, ఫార్మాట్ గురించి అడిగేవాళ్లు లేరు. ఖాతా మూసేముందు ఉత్తరాలన్నీ బహిరంగ ఫార్మాట్‌లో దింపి, ఏ రకమో పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి, ఒక ప్రతి వారికీ ఒక ప్రతి సంస్థకూ ఇవ్వడం ప్రతి విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌కూ నియమం కావాలని నా వాదన. అందుకు కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

ఫార్మాట్ మార్చేముందు చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. ఇంగ్లీషులో మీకు మీరే ఒక ఉత్తరం పంపుకోండి. ఒక పంక్తి 'ఫ్రమ్'తో, ఇంకో పంక్తి > గుర్తు పెట్టిన 'ఫ్రమ్'తో, మూడోది రెండు > గుర్తులతో మొదలవ్వాలి. దాన్ని ఎంబాక్స్‌లోకి, అక్కడి నుంచి మెయిల్‌డిర్‌లోకి మార్చి, మొదట పంపిన పాఠంతో డిఫ్ కొట్టి పోల్చండి. తర్వాత అదే ఉత్తరానికి ఒక తెలుగు పంక్తి చేర్చి మళ్లీ చేయండి. ఈసారి ప్రోగ్రాము ఉత్తరం మొత్తాన్ని బేస్64లో పెట్టిందంటే > గుర్తుల బెడద కనిపించకుండా పోతుంది. కాబట్టి మొదటి ఉత్తరం ఫలితాన్నే నమ్మండి. ఆ తర్వాత పాత ఫోల్డర్‌లో ఎన్ని ఉత్తరాలున్నాయో, కొత్తదాంట్లో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. కొత్తదాంట్లో ఎక్కువ వస్తే ఎక్కడో ఒక ఉత్తరం రెండుగా చీలింది. తక్కువ వస్తే రెండు అతుక్కున్నాయి. అవేవో తేలేదాకా పాత ఫైల్ చెరపకండి.